త్రినాధరావు జర్మనీ

ట్రాక్టరుకి సెకండ్ హ్యాండ్ ట్రైలరు చూసొస్తానని పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళిన త్రినాధరావు, సాయంత్రానికి ట్రైలరు ఊసే లేకుండా నేరేడుపండు రంగు కారొకటి తోలుకుంటూ ఊరి మొదట్లోకి వచ్చేడు.

మొదట్లోకే వచ్చేడు, ఊళ్ళోకి రాలేకపోయేడు. బడి ముందర పంచాయితీవాళ్ళు పోసిన స్పీడుబ్రేకరు మీద ముందు చక్రాలు ఎక్కి దిగేయి గానీ, వెనక చక్రాలు దాని దాకా వచ్చే లోపే బండి పొట్ట ఆనేసింది. పీట మీద పెళ్ళికొడుకు కూచున్నట్టు కూచుండిపోయింది. లోపల ఇంజను మాత్రం పెద్దపులిలాగ గుర్రుమంటోంది. ఆ గుర్రుకి పాకల్లో గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి, అరుగుల మీద పేకాడేవాళ్ళు ముక్కలు బోర్లించి లేచొచ్చేరు.

పదిమందీ చెయ్యేసి బండిని లేపి అవతల పెట్టేరు. త్రినాధరావు పెళ్ళాం కాసులమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారు చుట్టూ ఓసారి తిరిగి, ట్రైలరేదని అడిగింది. వెనక డిక్కీ చాలా పెద్దదని చెప్పేడు త్రినాధరావు. కాసులమ్మ అన్న చంద్రమౌళి, ఇందాక లేపిన పదిమందిలో ఒకడు, నడుం పట్టుకుని నిలబడి అన్నాడు:

"కొత్తల్లుణ్ణయినా ఇలాగ మొయ్యలేదు బావా మేం."

ఆ రోజు నుంచి ఊళ్ళో ఆ కారుకి జర్మనీ అని పేరు పడిపోయింది. అది ఏ కంపెనీదో ఎవరూ నోరు తిప్పి అనలేకపోయేరు. ఎక్కణ్ణించి వచ్చిందంటే జర్మనీ అన్నాడు కదా అని అదే ఖాయం చేసేసేరు.

త్రినాధరావుకి యాభై దాటేయి. ఆయన బతుకంతా రోడ్డుకి ఎడమ పక్కనే గడిచింది. కుర్రతనంలో ఎడ్లబండి మీద చెరకు తోలేడు, పెళ్ళయ్యేక బెల్లం దిమ్మలు తోలేడు, పెద్దవాడయ్యేక ట్రాక్టరు తోలేడు. ఏది తోలినా వెనకనుంచి ఎవడో ఒకడు హారను కొట్టడమే, పక్కకి తియ్యమని. బస్సు కొట్టింది, లారీ కొట్టింది, ఆఖరికి కశింకోట షేరాటో కూడా కొట్టింది. ఓసారి హైవే దాటడానికి చెరకు బండితో ఆగి ఉంటే ఇలాంటి కారొకటి ముందునుంచి పోయింది. పోయిందని పోయేక తెలిసింది. చెరకాకులు గాల్లోకి లేచి మళ్ళీ బండి మీద పడ్డాయి. ఆ చప్పుడు ఆయన చెవిలో ఉండిపోయింది. ఒక్కసారి, తనని ఎవడూ దాటిపోలేని బండి తోలాలి. ఈ కోరిక పెళ్ళాంతో చెబితే నవ్వుతుంది, అమ్మవారితో చెబితే నమ్మదు అని ఎవరితోనూ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

మరి కొత్తలో కోటి పలికిన బండి ట్రైలరు డబ్బుకీ, ఇంకాస్త పైడబ్బుకీ ఎలాగొచ్చింది? ఈ ప్రశ్న ఆయనకి రాక కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దళారీల్ని నీళ్ళు తాగించిన మనిషి. దిమ్మ మీద వేలితో కొట్టి ఆ చప్పుడుని బట్టి ఏ చేలో చెరకో చెప్పేవాడు. కానీ విశాఖలో బ్రోకరు బటను నొక్కి ఇంజను వినిపించేసరికి ఆ తెలివంతా చెవిలోంచి కారిపోయింది. ఏనుగుని అమ్మేవాడెప్పుడూ చవగ్గానే అమ్ముతాడు. మేత సంగతి కొన్నవాడు చూసుకుంటాడు.

మేత సంగతి బేగీనే తెలిసొచ్చింది. మామూలు పెట్రోలు దానికి పడదట, ఖరీదు పెట్రోలే పొయ్యాలట. పెట్రోలుతో ఆగకుండా ఇంజను నూనె కూడా తాగేది. వడలేసే మూకుడు కూడా అంత తాగదని కాసులమ్మ అనేది. టైరు చూస్తే పేడతట్ట అంచంత పలచన, ధర వింటే పాలిచ్చే ఆవంత. గోతిలో పడి ఒకటి పేలితే, ఒకటి మారిస్తే కుదరదు, జతగా మార్చాలన్నారు. ఎడ్లని కొన్నట్టే కొన్నాడు.

బండికి స్ప్రింగులుండవు, గాలి బుడగలుంటాయి. ఆ బుడగలకి ఎక్కడో చిల్లి. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి చూడి గేదెలాగ ఓ పక్కకి ఒరిగి పడుకుని ఉండేది. బటను నొక్కితే 'ఉస్సు'మని నిట్టూర్చి ముందు కాళ్ళ మీద లేచి, ఆ తర్వాత వెనక కాళ్ళ మీద లేచేది. పశువన్నది వెనక కాళ్ళ మీద ముందు లేస్తుంది, ఇదేటి తిరగేసి లేస్తోందని ఊళ్ళో గేదెలున్న వాళ్ళంతా పొద్దున్నే వచ్చి నిలబడి చూసేవారు.

ఇంక ఎలకలు. కారు పెట్టేది తన బెల్లం గానుగ పక్కనే. అక్కడ చెరకు పిప్పి కుప్పలుంటాయి, పిప్పి ఉన్నచోట ఎలకలుంటాయి. ముప్పై ఏళ్ళు పిప్పి తిన్న ఎలకలకి జర్మనీ వైర్ల రుచి తెలిసిపోయింది. కాసులమ్మ కలరా ఉండలు మూటగట్టి బానెట్టు కింద వేలాడదీసింది. ఎలకలు పోయేయి గానీ, అప్పణ్ణించి ఏసీ వేస్తే ట్రంకుపెట్టెలో పట్టుచీర వాసన.

ఈ వైద్యాలన్నిటికీ నానాజీ ఒక్కడే దిక్కు. నానాజీకి కశింకోట రోడ్డు మీద షెడ్డుంది. ట్రాక్టర్లూ, జీపులూ, ఆటోలూ బాగుచేస్తాడు. విప్పడమంటే మహా సరదా. జర్మనీని మొదటిసారి చూసినప్పుడే చెప్పేడు, దీన్ని విప్పమంటే విప్పుతాను, బిగించమని మాత్రం అడగొద్దని. ఓ రోజు బ్యాటరీ చచ్చిపోతే అది ముందెక్కడా కనపడక, వెతగ్గా వెతగ్గా డిక్కీ అడుగున చాప కింద దొరికింది. పక్కన నల్లపెట్టె ఒకటి. బండి మెదడంతా ఆ పెట్టెలోనే ఉందట. కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టినా బండి పలకలేదు. నానాజీ విశాఖలో తనకి తెలిసిన వాడికి ఫోను చేసి, విని, ఫోను జేబులో పెట్టుకుని త్రినాధరావు వైపు జాలిగా చూసేడు.

"బేటరీ పెడితే సాలదంట బావా. కంపూటర్తో దాన్ని ఈ బండికి పరిసయం సెయ్యాలంట. పరిసయం లేనోల్ల సేతి కరెంటు ఇది ముట్టదంట."

మడీ ఆచారమూ ఇంతగా పట్టిన బండిని తానెక్కడా చూడలేదన్నాడు చంద్రమౌళి.

ఇవన్నీ ఓ ఎత్తు, స్పీడుబ్రేకర్లు ఓ ఎత్తు. బండి ఖాళీగా ఉంటే స్పీడుబ్రేకరు మీద పొట్ట గీసుకుంటూనైనా దాటేది. మనుషులుంటే దాటదు. అందుకని ప్రతి స్పీడుబ్రేకరు ముందరా త్రినాధరావు కారు ఆపేవాడు, లోపలివాళ్ళంతా దిగేవారు, బండి ఏటవాలుగా, ఒక్కొక్క చక్రంతో, ముసలమ్మ మెట్లెక్కినట్టు దాటేది. అవతల మళ్ళీ ఎక్కేవారు. మన రోడ్ల మీద గుడికోటి, బడికోటి, ఎమ్మెల్యే చుట్టాలింటికోటి ఉంటాయి కదా. ఎలమంచిలిలో పెళ్ళికి అలాగే వెళ్ళేరు. కాసులమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగీ ఎక్కీ, దిగీ ఎక్కీ, ఆ నేలబారు సీట్లోంచి లేవడానికి ప్రతిసారీ మొగుడి చెయ్యి పట్టుకుని, తీరా వెళ్ళేసరికి వంటవాళ్ళు గుండిగలు బోర్లించేసేరు. నడిచెళ్ళిన వాళ్ళు తాంబూలం వేసుకుంటూ ఎదురొచ్చేరు.

కాసులమ్మ ఇంటికొచ్చి, గుమ్మంలో కూచుని, మోకాళ్ళకి అమృతాంజనం రాసుకుంటూ, చంద్రమౌళి కూడా ఉండగా చెప్పింది.

"సూడు మావా. కొత్తమాసకి అనకాపల్లి నూకాలమ్మ కాడికి ఎల్తాం కదా. ఈ గుమ్మం కాడ ఎక్కుతాను, అమ్మోరి కాడ దిగుతాను. మల్లీ అక్కడెక్కి ఇక్కడ దిగుతాను. మజ్జిలో నా కాలు నేలకి తగిలిందా, మర్నాడే దీన్ని అమ్మేసి ట్రైలరు తేవాలి. తగల్నేదా, ఇంక నీ జర్మనీ జోలికి నేను రాను."

కాసులమ్మ మాటంటే గానుగలో పెట్టిన చెరకు, వెనక్కి రాదు. చంద్రమౌళి మొహం విప్పారింది. ట్రైలరొస్తే తన చెరకూ అందులోనే పోతుంది. సాక్షిగా తాను వెనకే ట్రాక్టరు మీద వస్తాననీ, అద్దె ట్రైలరు కట్టి చెల్లెలికి అందులో చోటు కూడా ఉంచుతాననీ ఆ క్షణాన్నే చెప్పేసేడు.

కొత్త అమావాస్య దగ్గర పడేకొద్దీ త్రినాధరావుకి నిద్ర పట్టలేదు. అన్నం ముందు కూచుని స్పీడుబ్రేకర్లు లెక్కెట్టుకునేవాడు. కారు కింద వంగి నేలకీ పొట్టకీ మధ్యన ఎంతుందో చెరకు గెడతో కొలిస్తే, సరిగ్గా ఒక కణుపుకి కాస్త ఎక్కువ వచ్చింది. ఆ ముక్క నరికి చేత్తో పట్టుకుని, సైకిలెక్కి, ఊరి నుంచి అనకాపల్లి దాకా ప్రతి స్పీడుబ్రేకరు పక్కనా మోకాళ్ళ మీద కూచుని కొలిచేడు. గవర్నమెంటు మనిషనుకుని ఒకచోట ఓ పెద్దాయన వచ్చి, మా వీధిలో ఇంకోటి వేయించండి బాబూ, కుర్రాళ్ళు జోరుగా తోలేస్తున్నారని దణ్ణం పెట్టేడు. ఇంకెక్కడైనా వేస్తే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి త్రినాధరావు సైకిలెక్కేసేడు.

ఉపాయం గానుగ దగ్గరే దొరికింది. పిప్పి. ఎండిన చెరకు పిప్పి గోనెల్లో కూరి, స్పీడుబ్రేకరుకి ఈ పక్కా ఆ పక్కా పరిస్తే, ఎత్తు ఎత్తుగా ఉండదు, పరుపులాగ మెల్లిగా లేచి మెల్లిగా దిగుతుంది. నానాజీ ట్రాలీ ఆటోలో గోనెలేసుకుని ముందు పోవాలి, పరవాలి, కారు దాటగానే ఎత్తుకుని మళ్ళీ ముందుకెళ్ళాలి. బడి ముందర స్పీడుబ్రేకరు మీద చీకటి పడ్డాక ఎవరూ చూడకుండా ఓసారి వేసి చూసేరు. జర్మనీ ఉయ్యాల ఊగినట్టు దాటింది. త్రినాధరావు నానాజీని కావలించుకుంటే, ఆయన ఒంటికున్న బెల్లం మడ్డి నానాజీ చొక్కాకి అంటుకుపోయి విడదీయడానికి కాసేపు పట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. ఏటా కొత్త అమావాస్యకి ఆ తెల్లవారుజామున వండిన బెల్లమే అమ్మవారికి పట్టికెళ్ళడం వాళ్ళింటి అలవాటు. పెనం దించాల్సింది త్రినాధరావే. పాకం ఉడుకుతుంటే గరిటెతో తీసి, చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఆ ఉండని పళ్ళెం అంచుకేసి కొట్టాలి. 'టంగు'మంటే దించాలి. అన్నదమ్ములు కూడా ఈ పని ఆయనకే వదిలేసేవారు. కానీ ఆవేళ ఆయన మనసు పెనం మీద లేదు. అవతల జర్మనీ 'ఉస్సు'మని లేచిందా, లేవలేదా అని ఓ చెవి అటు పడేసి, పళ్ళెం మీద 'టప్పు'మన్న పాకాన్ని 'టంగు'మన్నట్టే విన్నాడు. దించమన్నాడు. ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు. దిమ్మలు గుడ్డల్లో మూటగట్టి, వెచ్చవెచ్చగా ఉండగానే డిక్కీలో పెట్టించేడు. మెత్తగా ఉన్నాయేటని పెట్టినవాడు అడిగితే, దారిలో గట్టిపడతాయిలే అన్నాడు.

కాసులమ్మ గుమ్మంలోనే ఎక్కింది, కాళ్ళు దులుపుకుని మరీ. వెనక చంద్రమౌళి ట్రాక్టరు, దాని అద్దె ట్రైలరు నిండా చుట్టాలు. పందెం చూడ్డానికే సగంమంది వచ్చేరు. మొదటి స్పీడుబ్రేకరు దాటేరు. రెండోది దాటేరు. నానాజీ పరవడం, కారు ఊగుతూ దాటడం, ట్రైలర్లో వాళ్ళు ఈలలెయ్యడం. కశింకోటలో షేరాటోలు ఆగి దారిచ్చేయి. కాసులమ్మ మొహం బింకంగా పెట్టుకుంది గానీ, నాలుగోది దాటేటప్పుడు ఊగుతుంటే పెదవి కొరుక్కోవడం త్రినాధరావు ఓరకంట చూసేడు.

ఆ తర్వాత హైవే, ఇంక గుడి దాకా స్పీడుబ్రేకర్లు లేవు. నున్నగా, ఖాళీగా, ఎండలో మెరుస్తూ. నానాజీ ఆటో అంత దూరాన పోతోంది, ట్రాక్టరు ఇంత వెనకుంది. త్రినాధరావు కాలు దానంతటదే బరువెక్కింది.

తొక్కేడు. జర్మనీ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత వెనకనుంచి ఎవరో తోసినట్టు ముందుకురికింది. కాసులమ్మ బుర్ర సీటుకి అతుక్కుపోయింది. పక్కన చెరకు తోటలు తోటల్లాగ కాక పచ్చటి గోడలాగ అయిపోయేయి. బస్సుని దాటేరు. దాన్ని దాటేక ముందెళ్ళే లారీని దాటేరు. త్రినాధరావు అద్దంలోకి చూసేడు. వెనక ఎవడూ లేడు. హారను లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేయి, నవ్వూ వచ్చింది. కాసులమ్మ రెండు చేతుల్తో తలుపు పట్టుకుని అమ్మవారి పేరు గట్టిగా పిలుస్తోంది. పిలుస్తూ పిలుస్తూ ఉన్నట్టుండి ఆపింది. ఆయన భయపడి కాలు తీసేసేడు.

"తీసేసేవేటి?" అంది కాసులమ్మ.

ఆయన నమ్మలేక మొహంలోకి చూసేడు. ఆవిడ రోడ్డుకేసే చూస్తోంది.

"బస్సు మల్లీ దగ్గరకొచ్చేత్తంది, సూడు," అంది.

ఆయన మళ్ళీ తొక్కేడు.

అనకాపల్లి నడిబొడ్డుకి వస్తుండగా కాసులమ్మ వీపు కింద సీటు కదిలింది. ఎవరో గుప్పెళ్ళతో నడుం మెల్లిగా నొక్కుతున్నట్టు. ఇదేటి మావా అంది. సీటుకి ఆ గుణం ఉన్న సంగతి త్రినాధరావుకీ తెలీదు. బాగానే ఉంది, ఉండనీ అంది ఆవిడ. ఆ మాట పూర్తవకుండానే ముందద్దం మీద తుడుపు కర్రలు మొదలయ్యేయి, ఎండలో. తర్వాత కిటికీ అద్దాలు నాలుగూ కిందకి దిగి, త్రినాధరావు పక్కది తప్ప మూడూ మళ్ళీ పైకెళ్ళిపోయేయి. రేడియోలో ఎవరో తెలీని భాషలో కోపంగా మాటాడేరు. ఆ పైన హారను మొదలైంది, ఆగలేదు.

డిక్కీలో దిమ్మలు కరిగి, గుడ్డల్లోంచి కారి, చాప కిందకి పాకి, నల్లపెట్టెని చేరేయని అప్పటికాయనకి తెలీదు. తెలిసిందల్లా ఇది: బతుకంతా హారన్లు తిన్న మనిషి, ఇప్పుడు అనకాపల్లి టౌనంతటినీ హారను కొట్టుకుంటూ పోతున్నాడు. సైకిళ్ళవాళ్ళకి కొట్టేడు, అంబులెన్సుకి కొట్టేడు, పోలీసు జీపుకి కొట్టేడు. కొడుతూనే కిటికీలోంచి ఓ చెయ్యి బయటపెట్టి కనపడ్డ ప్రతివాడికీ దణ్ణం పెట్టేడు. జాతర జనం ఏదో పెద్ద మొక్కుబడి బండి వస్తోందనుకుని చెరో పక్కకీ తప్పుకున్నారు. గుడున్న గవరపాలెంలో కార్లు ఆపేసే కర్ర దాకా ఎక్కడా ఆగకుండా వచ్చేసింది జర్మనీ. అక్కడ పెద్దగా నిట్టూర్చి, నాలుగు కాళ్ళ మీదా ఒక్కసారి కూలబడి, చచ్చిపోయింది. హారను కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో గుడిగంటలు వినబడ్డాయి.

తలుపులు తెరుచుకోలేదు. త్రినాధరావు పంచె ఎగ్గట్టి తన కిటికీలోంచి జారి బయటపడ్డాడు. కాసులమ్మ ఆ కిటికీలో పట్టే మనిషి కాదు. అంత గోలలోనూ నెత్తిమీద కప్పు అద్దం ఎప్పుడు తెరుచుకుందో, తెరుచుకునే ఉండిపోయింది. ఆవిడ పైకి చూసి, సీటు మీద నిలబడి, నడుం దాకా బయటికొచ్చింది. అక్కణ్ణించి జనం తలల మీదుగా గుడి గోపురం తిన్నగా కనపడింది. క్యూలో రెండు గంటలు తోసుకున్నవాళ్ళకి కూడా అంత బాగా కనపడదు. ఆవిడ చేతులు జోడించి తీరిగ్గా మొక్కుకుంది.

వెనక డిక్కీ సగం తెరుచుకుని ఉంది. త్రినాధరావు పైకెత్తి చూసేడు. బంగారం రంగు పాకం, చెరువు నిండినట్టు, ఆ చివర్నించి ఈ చివరిదాకా. వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాడు. పాకం ముదరకుండానే దించేసేనని అప్పుడు అర్థమైంది. ఊళ్ళో ఎవరికీ ఈ ముక్క చెప్పొద్దని అప్పుడే ఆటోలో వచ్చిన నానాజీని బతిమాలేడు. ఈలోగా క్యూలో ముసలమ్మ ఒకావిడ కొబ్బరిచిప్ప ముందుకు చాపింది. ఆవిడ వెనక ఇంకొకావిడ ఆకు చాపింది. చూస్తుండగా జర్మనీ వెనక కూడా ఓ క్యూ పెరిగింది. బండి తియ్యమనడానికొచ్చిన కానిస్టేబులు ముందు చెయ్యి చాపి, నాకి, మళ్ళీ చాపి, ఆ తర్వాత తియ్యమన్నాడు.

చంద్రమౌళి ట్రాక్టరు దిగి వచ్చేడు. అంతా చూసి మీసం దువ్వుకున్నాడు. చెల్లెలి ముందు నిలబడి తలెత్తి చెప్పేడు, పందెం తేలిపోయిందని. నలుగురం పట్టుకుని పైనుంచి లేపేస్తాం, ట్రైలర్లో నీ చోటు అలాగే ఉంది, వచ్చెయ్యమన్నాడు.

కాసులమ్మ అన్నని చూసింది. ట్రైలరుని చూసింది. బెల్లం పాకంలో మోచేతుల దాకా మునిగి, జుట్టుకి కూడా అంటించుకుని, నేలచూపులు చూస్తున్న మొగుణ్ణి చూసింది.

"అమ్మోరి కాడే దిగనేదు, ఇక్కడేటి దిగేది? తాడు కట్టు అన్నియ్యా," అంది. సీట్లో కూచుండిపోయింది.

తాడు కట్టేరు. ముందు ట్రాక్టరు, దాని వెనక ట్రైలరు, దాని వెనక జర్మనీ. త్రినాధరావు మళ్ళీ కిటికీలోంచి దూరి, స్టీరింగు పట్టుకుని కూచున్నాడు. హైవే మీద వెనకనుంచి బస్సు హారను కొట్టింది, లారీ కొట్టింది. ఆయన తల వంచుకుని చెప్పేడు.

"అమ్మేత్తానే. రేపే ట్రైలరు తెత్తాను."

కాసులమ్మ బయటికి చూస్తూ అంది, "ఒచ్చేటప్పుడు ఎవడైనా నీకు హారను కొట్టేడేటి?"

ఆయన తల తిప్పేడు.

"ఎడ్లబండి కాణ్ణించి నీ పక్కనే కూకున్నాను. ఆ హారన్లు నాకు మాత్రం ఇనపడనేదేటి?"

త్రినాధరావు చేతులు పాకంతో స్టీరింగుకి అతుక్కుపోయేయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికీ లేదు.

స్పీడుబ్రేకర్లొచ్చేయి. నానాజీ గోనెలన్నీ బెల్లం కోసం ఎగబడ్డ జనం కాళ్ళ కింద పోయేయి, రెండే మిగిలేయి. నానాజీ ఆటోలో మిగిలిన పాకం బిందెలు మోస్తున్నాడు. ఇంక దిక్కెవరు? చంద్రమౌళే. ప్రతి స్పీడుబ్రేకరు ముందరా ట్రాక్టరు ఆపి, దిగి, గోనెలు పరిచి, ఎక్కి, లాగి, మళ్ళీ ఆపి, దిగి, గోనెలెత్తుకుని. ట్రైలర్లో చుట్టాలు కూడా బరువని దిగేవారు. జర్మనీలో కాసులమ్మ కదల్లేదు. కశింకోట దగ్గర ఎవరో కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెడితే, పై అద్దంలోంచి లేచి వాళ్ళకి కూడా ఇంత బెల్లం పెట్టింది. చంద్రమౌళి నడుం పట్టుకుని నిలబడి, ఓ అరడజను స్పీడుబ్రేకర్లయ్యేక, ఈ గోనెలు ఇంకాస్త బాగా కుట్టించాలి బావా అన్నాడు. దాంతో త్రినాధరావుకి సగం ప్రాణం లేచొచ్చింది.

గుమ్మం దగ్గర బండి ఆగింది. ఊరంతా అక్కడే ఉంది. నానాజీ కారు బటన్ల తాళాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే అది పాకం చేతుల్లోంచి జారి కిందపడి, దాని కడుపులోంచి చిన్న ఇనప తాళంచెవి ఊడొచ్చింది. అంతకాలం అది అందులో ఉందని ఎవరికీ తెలీదు. దాంతో కాసులమ్మ వైపు తలుపు 'టక్కు'మని తెరుచుకుంది.

అందరూ చూస్తున్నారు. కాసులమ్మ కూచునే ఉంది. చెప్పులు విప్పి కాళ్ళు పైకి ముడుచుకుంది. తలుపు పక్కన చీమల వరస ఒకటి అప్పుడే మొదలైంది.

"దిగవేటమ్మీ?" అన్నాడు చంద్రమౌళి.

"తొందరేటి? ఇక్కడికే టీ పంపించమను," అంది కాసులమ్మ. పక్కన స్టీరింగు వదల్లేక కూచున్న మనిషి కేసి చూసి, "రెండు," అంది.